మామకు నచ్చని కాంషాఫ్ట్

మా మామ పోయాడు. ఈ మూడు మాటలు రాయడానికి నాకు నెల పట్టింది. రాశాక కూడా వాటి వంక చూస్తూ కూర్చున్నాను. ఎవరో తెలియని మనిషి గురించి రాసినట్టుంది.

ఆ శుక్రవారం పొద్దున నేను సుక్మా ఐటీఐలో మోటారు మెకానిక్ క్లాసు చెబుతున్నాను. బోర్డు మీద గేరుబాక్సు బొమ్మ సగం వేశాను. అత్త ఫోన్ చేసింది. పనివేళల్లో ఆమె ఎప్పుడూ ఫోన్ చెయ్యదు.

"బిడ్డా, మీ మామ పలుకుతలేడు."

"నిద్రపోయిండా?" అన్నాను. పొద్దున పదిన్నరకి, ఆ మనిషి నిద్రపోవడమేమిటి? నోటికి ఏదొస్తే అది అన్నాను.

"నిద్ర గాదు. బండి కాడ కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు."

సుద్దముక్క చేతిలో పట్టుకునే స్కూటీ నడిపానట. మామ షెడ్డు చేరాక అత్త నా వేళ్ళు విప్పి తీసింది. అప్పటికే చుట్టుపక్కల వాళ్ళు ఆయన్ని మంచం మీద పడుకోబెట్టారు. ఆస్పత్రిలో డాక్టరు గుండె అన్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. ఒక మాత్ర వేసుకున్నది లేదు. రెండు వారాల కిందట షెడ్డు మీదెక్కి, గాలికి లేచిన రేకు తానే బిగించాడు. ముందు రోజు సాయంత్రం నాతో ఫోన్లో మాట్లాడాడు. "ఆదివారం పొద్దుగాల్నే రా. ఏడు దాటనియ్యకు, ఎండైతది" అన్నాడు. డాక్టరుతో నేను ఇదే మాట రెండుసార్లు చెప్పాను, ఆదివారం మాకు పని ఉందని. అది చెబితే ఆయన మాట మార్చుకుంటాడేమో అన్నట్టు. ఆయన తల వంచుకుని కాగితం మీద సంతకం చేశాడు.

మీలో చాలామంది మా మామని చూసి ఉండరు. సుక్మా నుంచి కుంట వైపు పోయే రోడ్డు మీద, ఊరు దాటగానే ఎడమ చేతి పక్కన రేకుల షెడ్డు ఆయనది. ట్రాక్టర్లు, జీపులు, పికప్పులు వచ్చేవి. అందరూ మిస్త్రీజీ అనేవాళ్ళు. మా అమ్మకు తమ్ముడు. గొల్లపల్లిలో వరి పండించే ఇల్లు. ఊళ్ళోకి మొదటి ట్రాక్టరు వచ్చినప్పుడు అది మొండికేస్తే, దాన్ని విప్పి మళ్ళీ బిగించి నడిపించాడట. ఆ తర్వాత ఉత్తరాన కొండల మీది ఇనుప గనుల ఊరికి పోయి, అక్కడి గ్యారేజీలో ముప్పై ఏళ్ళు డంపర్ల కింద పడుకుని పనిచేశాడు. మా ఊరి బడి మూతబడ్డ ఏడు నన్ను తనతో తీసుకుపోయాడు. ఆరో తరగతి నుంచి నేను వాళ్ళ క్వార్టర్లోనే పెరిగాను. వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్నారా అని ఎవరైనా అడిగితే అత్త నా వైపు చూపించేది.

ఆయన పద్ధతులు ఆయనవి. విప్పిన నట్లూ బోల్టులూ డబ్బాలో వేసేవాడు కాదు. అత్త కుట్టిన ఆకు దొన్నెల్లో, విప్పిన వరసలోనే నేల మీద పేర్చేవాడు. బిగించేటప్పుడు చివరి దొన్నె నుంచి వెనక్కి వచ్చేవాడు. ఎవరైనా దొన్నె జరిపితే ఆ రోజుకి పని ఆపేసేవాడు. లెక్కపెట్టడం తెలుగులో, తిట్టడం హిందీలో, కదలని బోల్టును బతిమాలుకోవడం మా ఊరి మాట దొర్లీలో. నాకు పదమూడేళ్ళప్పుడు ఒక నాలుగు సిలిండర్ల జీపు ఇంజను ఆడుతుండగా నా అరచెయ్యి తీసి దాని మూత మీద పెట్టాడు. "ఎన్ని కొట్టుకుంటున్నయో చెప్పు" అన్నాడు. నాలుగన్నాను. "మల్ల చూడు." చాలాసేపు పెట్టి, "మూడే కొట్టుకుంటున్నయ్, ఒకటి ఊకె తిరుగుతాంది" అన్నాను. ఆయన గట్టిగా నవ్వి అత్తని కేకేసి పిలిచాడు. పక్క క్వార్టరాయన, ఆడపిల్లకి ఈ మసి పనులెందుకన్నాడు. "దానికి రెండు చేతులున్నయ్ గద?" అని మామ ఇంకో జీపు మూత తెరిచాడు. ఇవాళ నేను తినే అన్నం ఆ మాటలోంచి వచ్చింది.

ఇక ఆ కారు. గనిలో పనిచేసిన ఒక పెద్ద ఇంజినీరు, ఊరు వదిలి పోతూ మామకు ఇచ్చేసిన పాత విదేశీ స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, పైకప్పు లేదు, నేలకి జానెడు ఎత్తు. ఒకప్పుడు ఎరుపు. నాకంటే పదేళ్ళు పెద్దది. రిటైరయ్యాక మామ దాన్ని లారీ మీద సుక్మాకి తెచ్చి, ఆరేళ్ళు కూర్చుని ఒక్కో ముక్కా బాగుచేశాడు. చివరికి ఇంజను దగ్గర కాంషాఫ్ట్ అరిగిపోయిందని తేలింది.

ఈ పని తెలియని వాళ్ళకి చెప్పాలి. కాంషాఫ్ట్ అంటే ఇంజను లోపల తిరిగే, మూరెడుకి పైగా పొడుగుండే ఇనప కడ్డీ. దాని మీద గుడ్డు ఆకారంలో ఎనిమిది బొడిపెలుంటాయి. ఒక్కో బొడిపె తిరుగుతూ వచ్చి ఒక్కో వాల్వును తెరుస్తుంది. అది దాటిపోగానే వాల్వు మూసుకుంటుంది. గాలీ పెట్రోలూ లోపలికి రావడం, పొగ బయటికి పోవడం అంతా ఆ బొడిపెల ఆకారం మీదే నడుస్తుంది. ఆకారం మారిస్తే అదే ఇంజను వేరే ఇంజనైపోతుంది.

పాతదాని కొలతకే కొత్తది చేయించవచ్చు. అది మామే వద్దన్నాడు. "ఇంత కష్టపడ్డం, జర ఉరకాలె గద" అన్నాడు. ఇక మిగిలినవి రెండు. ఒకటి, పాత కడ్డీనే హైదరాబాదులో సాన పట్టించి, అడుగు తగ్గించి బొడిపెలు కొంచెం ఎత్తుగా నిలిచేలా చేయించుకునేది. రెండోది, పందేల కార్లకి వేసేది, విదేశం నుంచి నూనె కాగితంలో చుట్టి పార్సిల్లో వస్తుంది. దాని బొడిపెలు బాగా లావు. వాల్వు ఎత్తుగా లేస్తుంది, చాలాసేపు తెరుచుకుని ఉంటుంది. మొదటిదాన్ని మామ "నిమ్మళంది" అనేవాడు, రెండోదాన్ని "ఉరికేది".

నేను ఉరికేదాని పక్షం. పుస్తకాలు చూశాను, వీడియోలు చూశాను. ఆ ఇంజనుకి దాంతో వచ్చే బలం ఎంతో కాగితం మీద గీత గీసి చూపించాను. మామ ఆ గీతని వేలితో వెంబడించి, అది పైకి లేచే చోట ఆగాడు.

"ఇది యాడ లేస్తాంది?"

"నిమిషానికి నాలుగు వేల చక్కర్లు దాటినంక."

"మన రోడ్డు మీద నాలుగు వేల చక్కర్ల మీద ఎంతసేపు నడుపుతవ్? మూడు మైళ్ళకొక చెకింగ్ నాకా. నడుమ ఎడ్లు, మేకలు, సంతకి పోయే జనం. తర్వాత దర్భ ఘాటు ఎక్కాలె."

"బలం బలమే గద మామా?"

ఆయన లేచి షెడ్డు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "చూడు. సంతల జనం ఉరుక్కుంట వస్తాంటె తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచాలె. అప్పుడు అందరు లోపలికొస్తరు. ఇద్దరే నిమ్మళంగ వస్తాంటె? అంతసేపు తెరిచి ఉంచితె వచ్చినోళ్ళు మల్ల ఇట్లనే బయటికి పోతరు. నీది అట్లాంటిది. ఉరికినప్పుడే దానికి కడుపు నిండుతది. మెల్లగ పోతే దగ్గుతది, గుంజదు."

కాంషాఫ్టుల గురించి నేను క్లాసులో రెండు పీరియడ్లు చెప్పేదాన్ని ఆయన తలుపు పట్టుకుని చెప్పేశాడు. అయినా నేను ఒప్పుకోలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. రెండూ తెప్పిద్దాం. ముందు ఒకటి, తర్వాత ఒకటి బిగించి, అదే రోడ్డు మీద నడిపి చూద్దాం. ఏది బాగుంటే అది ఉంటుంది.

ముందు నిమ్మళంది బిగించాం. ఒక ఆదివారం పొద్దున సుక్మా నుంచి దర్భ ఘాటు దాకా పోయాం. మొదటి నాకా దగ్గర తుపాకీ భుజానికేసుకున్న కుర్ర జవాను కారు చుట్టూ తిరిగి చూసి, ఇదేం బండి అని అడిగాడు. "ఏ కౌన్‌సీ గాడీ హై, అంకుల్?"

"బూఢీ హై సాహబ్. మగర్ దౌడ్‌తీ హై" అన్నాడు మామ. ముసలిదే గానీ పరుగెడుతుందని. జవాను నవ్వి గేటెత్తాడు.

నిజంగానే పరుగెత్తింది. ఘాటు మీద ఒక్క మలుపులో కూడా గేరు తగ్గించాల్సిన అవసరం రాలేదు. మామ పక్క సీట్లో కూర్చుని, కొండ ఎక్కినంతసేపూ కళ్ళు మూసుకుని విన్నాడు. తిరిగొచ్చి షెడ్డులో ఆపాక, "ఇది నాది. ఇగ నీది చూద్దాం" అన్నాడు.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. నవ్వులాటకే అన్నాను. "నాది కావాలని వదులుగ బిగిస్తవేమో మామా."

ఆయన నవ్వలేదు. చేతులు తుడుచుకుంటున్నవాడు ఆపి, నా వైపు చూశాడు. "మనకి నచ్చనిదాన్ని ఇంకా జాగర్తగ బిగియ్యాలె బిడ్డా. లేకుంటె అది చూసుడు గాదు, మోసం" అన్నాడు. అని లోపలికి పోయి అత్తని టీ పెట్టమన్నాడు. టీ తాగుతూ మామూలుగానే మాట్లాడాడు. కానీ ఎదురెదురుగా నిలబడి పని గురించి నేను ఆయనతో అన్న చివరి మాట అదే. తర్వాత ఫోన్లో మాట్లాడుకోవడమే. ఆదివారం వెళ్ళినప్పుడు చెబుదాం, ఊరికే అన్నానని చెబుదాం అనుకున్నాను. ఆదివారం ఉంటుందనే అనుకుంటాం గదా.

దినాలు గడిచాయి. ఆ రోజుల్లో నేను ఆయన నంబరుకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి అలవాటుగా. రెండోసారి తెలిసే చేశాను. లోపలి గదిలో బీరువా మీద మోగింది. అత్త ఎత్తి, "బిడ్డా?" అంది. ఇద్దరం ఫోన్లు పెట్టేశాం.

పన్నెండో రోజు షెడ్డు తలుపు తీశాను. ఆయన పోయిన రోజు నేను కారు వైపు చూడలేదు. ఎవరో పాత దుప్పటి కప్పారు. దుప్పటి తీసి చూసి అక్కడే నిలబడిపోయాను. మేం నడిపొచ్చిన కాంషాఫ్ట్, తుడిచి నూనె రాసి, గోడవార చెక్క మీద పడుకోబెట్టి ఉంది. పార్సిల్ తాలూకు నూనె కాగితం మడిచి పక్కన పెట్టి ఉంది. ఇంజను మళ్ళీ మూయడానికి సిద్ధంగా ఉంది. నాది బిగించాడు.

"అత్తా! ఇది ఎప్పుడు చేసిండు?"

అత్త గుమ్మంలోకి వచ్చింది. "సోమవారం నుంచి అదే పని. నువ్వొచ్చేసరికి తయారుండాలన్నడు. నువ్వు ముంగటుంటె ఊకె మాట్లాడ్తవంట, చెయ్యి ఆగుతదంట."

ఆ పని నాకు తెలుసు కాబట్టి ఎక్కడ చూడాలో తెలుసు. కాంషాఫ్ట్ గేరుకీ కడ్డీకీ మధ్య కీ అనే చిన్న ఇనప ముక్క ఉంటుంది. వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలన్నది దాని కూర్పు మీద ఆధారపడుతుంది. కంపెనీ ఇచ్చిన కీ వేసి బిగిస్తే పని నడుస్తుంది, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఈ కొత్త కడ్డీలో గాడి వెంట్రుకవాసి పక్కకి ఉంది. మామ దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని, ఆకురాయితో సొంతంగా మెట్టులాంటి కీ అరగదీశాడు. ఒక దొన్నెలో రెండు కీలు పడి ఉన్నాయి. అవి రెండూ సరిపడక తీసేసినవి. మూడోది లోపల ఉంది. నేను డిగ్రీల చక్రం తగిలించి, డయల్ గేజి పెట్టి కొలిచాను. పార్సిల్‌తో వచ్చిన వివరాల కాగితంలో ఏ గీత దగ్గర వాల్వు పూర్తిగా లేవాలని రాసి ఉందో, ముల్లు సరిగ్గా ఆ గీత మీదే ఆగింది. నమ్మలేక మళ్ళీ తిప్పి కొలిచాను. అక్కడే ఆగింది.

తనకి నచ్చని కాంషాఫ్ట్ కోసం ఆయన మూడు కీలు చేశాడు. తనదానికి ఒక్కటే వేశాడు. నేను పక్కనే ఉండి చూశాను కదా.

చివరి పని ట్యాపెట్ సెట్టింగ్. ఒక్కో వాల్వుకీ ఉండాల్సిన సందుని పలచటి రేకులతో కొలిచి బిగించడం. ఇంజను పక్క గోడ మీద సుద్దతో ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలున్నాయి. ఆరింటికి టిక్కులున్నాయి. ఏడో వాల్వు నట్టు వదులుగా ఉంది. ఆ శుక్రవారం ఆయన తల మడ్‌గార్డ్‌కి ఆనించి ఉందని అత్త చెప్పింది. ఏదో వింటున్నాడనుకుని ఆమె టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడిందట, కదిలించకుండా.

ఏడు, ఎనిమిది నేను బిగించాను. బిగించడమంతా అయ్యాక, మూత పెట్టాక, స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు ఏడుపు మొదలైంది. అత్త వచ్చి నా వీపు మీద చెయ్యేసి, ఆపమనకుండా ఊరుకుంది.

ఆదివారం పొద్దున బండి తీస్తుంటే అత్త చీర కొంగు దోపుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఆరేళ్ళలో ఆమె ఆ కారెక్కలేదు. "ఏంది అత్తా?" అన్నాను.

"నడువు. ఏది మంచిదో నాకూ తెలవాలె."

మామ చెప్పినవన్నీ ఒక్కొక్కటే జరిగాయి. నిదానంగా పోతుంటే ఇంజను దగ్గింది. ఎడ్ల వెనకాల పోవాల్సి వచ్చినప్పుడు కుదిపి కుదిపి పోయింది. మొదటి నాకా దగ్గర ఆగీ ఆగగానే ఆరిపోయింది. అదే జవాను ఉన్నాడు. నవ్వుతూ వచ్చి, పక్క సీట్లోకి వంగి చూసి, "అంకుల్ నహీ ఆయే?" అన్నాడు, అంకుల్ రాలేదా అని.

నేను మళ్ళీ తాళం తిప్పాను. అన్ని రోజులుగా నేను ఆయన పోయాడన్న మాట ఎవరికీ నా నోటితో చెప్పలేదని అప్పుడు తెలిసింది.

"గుజర్ గయే, బేటా" అంది అత్త.

ఆ కుర్రాడి ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. పోవడానికి సమయం పట్టింది. నాకు ఫోన్ వచ్చినప్పుడు నా ముఖం కూడా ఇలాగే ఉండి ఉంటుంది. అతను తుపాకీ వెనక్కి తోసుకుని, ఇంకో ముగ్గురిని పిలిచాడు. నలుగురూ కారు వెనక చేతులు పెట్టి తోశారు. ఇంజను అందుకుంది. అద్దంలో చూస్తే నలుగురూ రోడ్డు మధ్యలోనే నిలబడి ఉన్నారు.

ఘాటు మీద ప్రతి మలుపులోనూ రెండో గేరుకి దిగాల్సి వచ్చింది. అత్త ప్రతిసారీ డ్యాష్‌బోర్డు పట్టుకుని, "గుంజుతలేదు గద?" అంది. గుంజడం లేదు. కొండ దాటాక మాత్రం, చెట్ల మధ్య నిటారుగా పోయే ఖాళీ రోడ్డు దొరికింది. కాలు కిందికి నొక్కాను. నాలుగు వేలు దాటగానే ఆ శబ్దం మారింది. దగ్గు పోయింది, కుదుపు పోయింది. ఎనిమిది వాల్వులూ ఒకే గొంతుతో పైకి లేచాయి. వెనక నుంచి ఎవరో తోసినట్టు సీటు వీపుకి అంటుకుంది. అత్త దోపుకున్న కొంగు ఊడి ఎగిరి ఆమె ముఖం మీద పడింది. దాన్ని తీసుకుంటూ ఆమె గట్టిగా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నిమిషమో, నిమిషమున్నరో. ముందు మేకల మంద కనిపించి కాలు తీశాను.

ఆ శబ్దం మామ వినలేదు. అది వినిపించేలా చేసి, వినకుండా పోయాడు.

తిరిగొచ్చి షెడ్డులో ఆపాక అత్త దిగలేదు. "చెప్పు. ఏది మంచిగున్నది?"

"మామదే."

"మరి ఇది తీసేస్తవా?"

లోపల ఉన్నది ఆయన చేత్తో బిగించిన చివరి పని. ఆ మూడో కీ. ఆ ఆరు నట్లు. వాటిని నా చేత్తో విప్పాలా? ఉంచేద్దాం అత్తా, ఆయన చేసింది అట్లనే ఉండనీ అన్నాను.

"ఆయనుంటె ఊకుంటడా?" అంది అత్త. "ఏది బాగుంటె అది ఉంచాలె అన్నరు గద ఇద్దరు? నా ముంగటనే అన్నరు. ఇప్పుడు మాట మారుస్తవా?" కోపంగానే అంది. దిగి లోపలికి పోయి, కొత్తగా కుట్టిన దొన్నెల కట్ట తెచ్చి నేల మీద పెట్టింది.

రెండు రోజులు పట్టింది. ఆయన వరసలోనే విప్పాను. దొన్నెల్లో పేర్చాను. రేడియేటరు తీసి, గేరు తీసి, కడ్డీ చివర పట్టుకుని, లోపల ఎక్కడా తగలకుండా ఊపిరి బిగబట్టి ముందుకు లాగాను. నల్లటి నూనె కారుతూ బయటికి వచ్చింది. గుడ్డతో తుడుస్తుంటే అత్త చెయ్యి చాచింది. ఇచ్చాను.

ఆమె దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకుపోయి, రెండు చేతులతో వెలుతురులోకి ఎత్తి, కడ్డీ పొడుగునా ఒక కన్ను మూసి చూసింది. ఎనిమిది బొడిపెల మీదా ఇంజను వేసిన సన్నటి మెరుపు గీత ఉంది. ఒకటి లావూ కాదు, ఒకటి సన్నమూ కాదు. ఎక్కడా గీరుకుపోలేదు. సరిగ్గా బిగిస్తేనే గీతలు అలా పడతాయి. అత్త మెల్లగా తిప్పింది. ఒకదాని తర్వాత ఒకటి, ఎనిమిదీ ఎండలో మెరుస్తూ పోయాయి.